మీకు తెలుసా? పాత గింజకు పరీక్ష, జనానికి ప్రదర్శన

ఏమీ నాటని తోట

2015 అక్టోబరులో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియానికి వెళ్ళినవాళ్ళకు అక్కడి టర్బైన్ హాలులో మట్టి కనిపించింది. పరంజా కట్టి, దానిమీద 240 త్రికోణాకారపు చెక్క తొట్లు పేర్చారు. బకింగ్‌హామ్ ప్యాలెస్ తోట మొదలుకొని మామూలు పార్కుల వరకు లండన్ నలుమూలల నుంచీ తెచ్చిన 23 టన్నుల మట్టిని వాటిలో నింపారు. మెక్సికో కళాకారుడు అబ్రహాం క్రూస్‌బియేగాస్ రూపొందించిన ఇన్‌స్టలేషన్ అది. ఆయన ఒక్క విత్తనం కూడా నాటలేదు. ఆరు నెలలపాటు దీపాల వెలుగు పెట్టి, నీళ్ళు పోయించారు, అంతే. మట్టిలో ముందే ఉన్న గింజల్లో ప్రాణమున్నవి మొలిచాయి. కొన్ని తొట్లు పచ్చబడ్డాయి, కొన్నింటిలో మట్టే మిగిలింది.

విత్తన పరీక్షశాలలో జరిగేదీ ఇదే. తడి, వెలుతురు, తగినంత వేడి ఇచ్చి ఎన్ని మొలుస్తాయో లెక్కపెడతారు. ఆ గదిలోకి మామూలుగా మనలాంటివాళ్ళు అడుగుపెట్టరు. ఆ పరీక్షను నలుగురూ నడిచే చోటికి తెచ్చిన కళాకారులు ఈ ఇరవై ముప్ఫై ఏళ్ళలో కొందరున్నారు. వాళ్ళతోపాటు, వాళ్ళకు దారి చూపిన పాత విత్తనాల గురించి కూడా ఈసారి చెప్పుకుందాం.

ఓడ అడుగున వచ్చిన మొక్కలు

పూర్వం సరుకు లేకుండా బయలుదేరే తెరచాప ఓడ తేలికై ఒరిగిపోకుండా, అడుగున రాళ్ళు, ఇసుక, మట్టి నింపేవారు. అవతలి రేవు చేరి సరుకు ఎక్కించుకునే ముందు ఆ బరువును ఒడ్డున పారబోసేవారు. మట్టితోపాటు అందులోని గింజలూ ఒడ్డుకు చేరేవి. పంతొమ్మిదో శతాబ్దం చివరినుంచి ఓడలు బరువు కోసం నీళ్ళు నింపుకోవడం మొదలుపెట్టాక ఈ పద్ధతి పోయింది. గింజలు మాత్రం రేవుల నేలలో ఉండిపోయాయి.

బ్రెజిల్‌లో పుట్టిన మరియా తెరెజా ఆల్వెస్ 1999 నుంచి ఈ గింజల వెంటే తిరుగుతున్నారు. ఆమె పని మొదలయ్యేది పాత కాగితాల దగ్గర. రేవు పటాలు, ఓడల రికార్డులు తిరగేసి ఆ మట్టి ఎక్కడ పోశారో పోల్చుకోవాలి. ఇప్పుడక్కడ భవనమో రోడ్డో ఉండవచ్చు. దొరికిన చోట కాస్త మట్టి తవ్వి, కుండీల్లో పోసి, నీళ్ళు పెట్టి ఎదురుచూడాలి. ఫ్రాన్స్‌లో మార్సెయ్, ఫిన్లాండ్‌లో రెపొసారి, ఇంగ్లండ్‌లో లివర్‌పూల్, బ్రిస్టల్, ఆ తర్వాత న్యూయార్క్, ఇలా ఊరూరా ఈ పని సాగింది. ఇలాంటి గింజలు నేలలో వందల ఏళ్ళు నిద్రావస్థలో ఉండి, తగిన పరిస్థితి దొరికితే మొలవగలవని ఫిన్లాండ్ వృక్షశాస్త్రవేత్త హెలి యుటిలా చెప్పిన మాట ఈ ప్రయత్నానికి ఆధారం.

వీటిలో బ్రిస్టల్ తోటను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ రేవు బానిసల వ్యాపారంతో బలిసింది. అక్కడినుంచి ఓడలు పశ్చిమ ఆఫ్రికాకు, అక్కడ మనుషుల్ని ఎక్కించుకుని కరీబియన్ దీవులకు, మళ్ళీ చక్కెరతో ఇంటికి తిరిగేవి. 2012లో అదే నీటిమీద, వాడకంలో లేని పాత ధాన్యపు పడవ ఒకదానిలో ఓడమట్టితో వచ్చిన జాతుల మొక్కలతో ఆల్వెస్ తేలే తోట వేశారు. మొక్కలు పెంచే బాధ్యత బ్రిస్టల్ విశ్వవిద్యాలయం బొటానికల్ గార్డెన్ తీసుకుంది. వాటిలో అత్తి ఉంది, బంతిలా పూసే కాలెండులా ఉంది, పండగానే గింజల్ని చిమ్మే అడవి దోస ఉంది. వ్యాపారి విగ్రహం నిలబెట్టిన ఆ ఊళ్ళో, ఓడల్లో తరలించిన మనుషుల జాడ మాత్రం తక్కువే. ఈ మొక్కలు ఆ ఓడల దారుల్ని చూపించాయి. ఈ తరహా కళలో ఇంతకన్నా బలమైన పని నాకు తెలియదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఓడమట్టి పోసిన చోట మొలిచిన ప్రతి మొక్కా ఓడలోనే వచ్చిందని రుజువు లేదు. గాలితో, పిట్టలతో కూడా గింజలు వస్తాయి. అందుకే ఇలాంటి పనిలో మొలకతోపాటు రికార్డులూ, వృక్షశాస్త్రవేత్తల మాటా అవసరమవుతాయి.

పారిస్ తోట గిడ్డంగిలో మన తంగేడు బంధువు

యూరప్‌లో పాత బొటానికల్ గార్డెన్లకు ఒక మంచి అలవాటు ఉంది. ఏటా తమ దగ్గర కోసిన విత్తనాల జాబితా అచ్చువేసి మిగతా తోటలకు పంపుతాయి. కావలసినవాళ్ళు అడిగితే చిన్న కాగితపు పొట్లాల్లో ఉచితంగా పంపిస్తారు. ఇటలీలోని పాడువా తోట 1545 నాటిది. లండన్ చెల్సీ తోట 1673 నాటిది. శతాబ్దాల పాటు ఇలా విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడం వల్ల ఈ తోటల సొరుగుల్లో పేరు, ఊరు, తేదీ రాసిన పొట్లాలు పోగుపడ్డాయి. పాత గింజ ఎక్కడ దొరికినా వింతే గానీ, తేదీ రాసి ఉన్న పాత గింజ శాస్త్రానికి పనికొస్తుంది.

ఈ సంగతి బాగా పట్టుకున్నవాడు ఫ్రాన్స్‌కు చెందిన పాల్ బెకరెల్. రేడియోధార్మికతను కనిపెట్టిన హెన్రీ బెకరెల్‌కు బంధువు. పారిస్‌లోని సహజచరిత్ర మ్యూజియం గిడ్డంగి నుంచి 25 ఏళ్ళు మొదలుకొని 135 ఏళ్ళ దాకా వయసున్న సుమారు 500 రకాల విత్తనాలు తీసుకుని 1906లో పరీక్షించాడు. చాలామటుకు మొలవలేదు. మొలిచిన కొద్ది రకాల్లో ఎక్కువ భాగం చిక్కుడు కుటుంబానివి, కొన్ని తామర కుటుంబానివి. 1934లో మళ్ళీ పరీక్షించినప్పుడు 1776లో సేకరించిన కేసియా మల్టిజుగా గింజ మొలిచింది. వయసు 158 ఏళ్ళు. ఫ్రెంచి విప్లవం రాకముందు పొట్లం కట్టిన గింజ అది!

ఆ మొక్కను ఇప్పుడు శాస్త్రవేత్తలు సెన్నా ప్రజాతిలో చేర్చారు. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడుదీ అదే ప్రజాతి. తంగేడు గింజ పట్టుకు చూసినవాళ్ళకు ఆశ్చర్యం కలగదు. దాని పెంకు ఎంత గట్టిదంటే, నారు పోసేవాళ్ళు వేడినీళ్ళలో నానబెట్టో, గరుకు చోట రుద్దో మరీ విత్తుతారు. నీటిని లోపలికి రానివ్వని ఆ పెంకే గింజను వందేళ్ళు దాటిస్తుంది.

బాంబు పడితే మొలిచింది

1940లో జర్మనీ విమానాలు లండన్‌ మీద బాంబులు వేసినప్పుడు సౌత్ కెన్సింగ్టన్‌లోని సహజచరిత్ర మ్యూజియంలో వృక్షశాస్త్ర విభాగానికి నిప్పంటుకుంది. మంటలార్పడానికి పైపులతో నీళ్ళు కొట్టారు. కొన్నాళ్ళకు తడిసిన నమూనాల్లో కొన్ని గింజలు మొలకెత్తి కనిపించాయి. 1793లో చైనాకు వెళ్ళిన బ్రిటిష్ రాయబార బృందంలోని జార్జ్ స్టాంటన్ తెచ్చిన అల్బీజియా గింజలవి. మన దిరిసెనకు దగ్గరి చుట్టం. అప్పటికి వాటి వయసు 147 ఏళ్ళు. మొలిచినవాటిని చెల్సీ తోటలో నాటారు. 1941లో అక్కడా బాంబు పడి అవి పోయాయి.

ఎర్రతోలు సంచి

1803లో యాన్ టేర్‌లింక్ అనే డచ్చి వ్యాపారి దక్షిణాఫ్రికా గుడ్‌హోప్ అగ్రం దగ్గర విత్తనాలు సేకరించి, పొట్లాలు కట్టి, ఎర్రటి తోలు సంచిలో పెట్టుకున్నాడు. దారిలో బ్రిటిష్ నౌకాదళం ఓడను పట్టుకుంది. కాగితాలతోపాటు సంచీ లండన్ టవర్‌కు, తర్వాత జాతీయ ఆర్కైవ్స్‌కు చేరింది. రెండు శతాబ్దాలు గడిచాక, 2005లో ఒక పరిశోధకుడు పాత దస్తావేజులు చూస్తుంటే బయటపడింది. లోపల 32 రకాల గింజలున్నాయి. లండన్‌లోని క్యూ బొటానికల్ గార్డెన్ వారి మిలీనియం సీడ్ బ్యాంకులో నాటితే మూడు రకాలు మొలిచాయి. ఆ రెండు వందల ఏళ్ళలో చాలా కాలం గింజలకు చల్లటి గది లేదు, గాలి చొరని డబ్బా లేదు. కాగితాల మధ్య పడి ఉన్నాయంతే.

2100 దాకా సాగే పరీక్ష

అమెరికాలో మిషిగన్ వ్యవసాయ కళాశాల ఆచార్యుడు విలియం జేమ్స్ బీల్ 1879లో 20 సీసాలు తీసుకున్నాడు. ఒక్కో సీసాలో 21 రకాల మొక్కల గింజలు, రకానికి 50 చొప్పున, తడి ఇసుకలో కలిపి పోశాడు. నీళ్ళు నిలవకుండా మూతి కిందికి ఉండేలా వాలుగా పెట్టి కాలేజీ ఆవరణలో పాతిపెట్టాడు. కలుపు గింజలు నేలలో ఎన్నాళ్ళు బతికుంటాయి, రైతు ఎన్నేళ్ళు కలుపు తీస్తే పొలం శుభ్రపడుతుంది అనేదే ఆయన ప్రశ్న. మొదట అయిదేళ్ళకొక సీసా తవ్వేవారు. తర్వాత పదేళ్ళకొకటి, ఇప్పుడు ఇరవై ఏళ్ళకొకటి. ఒక తరం ఆచార్యులు రిటైరయ్యే ముందు సీసాలు ఎక్కడున్నాయో తెలిపే పటాన్ని తర్వాతివాళ్ళకు అప్పగిస్తారు.

2020లో తవ్వాల్సిన సీసా కోవిడ్ వల్ల 2021 ఏప్రిల్‌కు వాయిదా పడింది. తెల్లవారకముందే చీకట్లో తవ్వారు. కొన్ని గింజలకు క్షణకాలపు వెలుతురే మొలవమన్న సంకేతమవుతుంది కాబట్టి ఆ జాగ్రత్త. 141 ఏళ్ళ తర్వాత కూడా పసుపు పూల వెర్బాస్కమ్ కలుపు గింజలు మొలిచాయి. ఇంకా నాలుగు సీసాలున్నాయి. చివరిది 2100లో తీస్తారు. దీన్ని ఏ గ్యాలరీలోనూ పెట్టలేదు, ఏ కళాకారుడూ తనదని చెప్పుకోలేదు. అయినా తాను చూడలేని ఫలితం కోసం ఇంత శ్రద్ధగా పని మొదలుపెట్టిన బీల్‌ను తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

మమ్మీల గోధుమలు, మంచు కింది పువ్వు

పిరమిడ్లలో దొరికిన గోధుమలు మొలిచాయన్న కథ ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. విక్టోరియా రాణి కాలంలో ఆ పేరుతో ఇంగ్లండ్‌లో గింజలు అమ్మారు కూడా. బ్రిటిష్ మ్యూజియం ఈజిప్టు విభాగం నుంచి వచ్చిన అసలైన సమాధి గోధుమల్ని క్యూ తోటలో నాటి చూస్తే ఒక్కటీ మొలవలేదు. గోధుమ మామూలు నిల్వలో కొన్నేళ్ళకు మించి ఆగదు.

నిజంగా మొలిచిన పురాతన గింజలూ లేకపోలేదు. చైనాలో ఎండిపోయిన సరస్సు అడుగు నుంచి తీసిన తామర గింజ దాదాపు 1300 ఏళ్ళది. ఇజ్రాయెల్‌లో మసాడా కోట తవ్వకాల్లో దొరికిన ఖర్జూర గింజ సుమారు రెండు వేల ఏళ్ళది. 2005లో నాటితే మొలిచి చెట్టయింది. 32 వేల ఏళ్ళ సైబీరియా పువ్వు గురించి కూడా మీరు చదివే ఉంటారు. అది గింజ మొలిచి వచ్చింది కాదు. మంచులో గడ్డకట్టిన కాయలోని కణజాలాన్ని తీసి, ప్రయోగశాలలో పెంచి 2012లో మొక్కను ప్రకటించారు.

వేప గింజ ఆగదు

పెంకు మందంగా ఉన్నంతమాత్రాన గింజ నిల్వ ఉండదు. మామిడి టెంక ఎంత గట్టిదో మనకు తెలుసు. అయినా లోపలి జీడి ఆరిందంటే మరి మొలవదు. పనసా అంతే. మామూలు నిల్వలో వేప గింజ కొన్ని వారాల్లోనే శక్తి కోల్పోతుంది, సాల వృక్షం గింజకైతే వారం గడవడమే ఎక్కువ. ఆరబెట్టి చల్లగా దాచే విత్తన బ్యాంకులు వీటిలో చాలావాటికి పనికిరావు. అలాంటి చెట్లను చెట్లుగానే కాపాడుకోవాలి.

పరీక్షిస్తే గింజ ఖర్చవుతుంది

పాత విత్తనాల పరీక్షలో అసలు చిక్కు ఇదే. ఒక పొట్లంలో ఆరే గింజలున్నాయనుకోండి. బతికున్నాయో లేదో తెలుసుకోవాలంటే నాటాలి. నాటి మొలవకపోతే ఆ రకం అక్కడితో సరి. నాటకుండా దాచుకుంటే గింజలోని ప్రాణం ఏడాదికేడాది తరిగిపోతూనే ఉంటుంది. తేమ ఒక శాతం తగ్గిస్తే గింజ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందనీ, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గిస్తే మళ్ళీ రెట్టింపవుతుందనీ విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. ఎంత చేసినా అది వాయిదాయే.

గింజను చంపకుండా లోపలికి చూసే మార్గం ఎక్స్‌రే. పిండం ఉందా, పురుగు తినేసిందా, ఖాళీగా ఉందా అన్నది అందులో తెలుస్తుంది. మొలుస్తుందా లేదా అన్నది మాత్రం తెలియదు. అమెరికా ఫొటోగ్రాఫర్ డార్నిత్ డోహర్టీ 2008 నుంచి విత్తన బ్యాంకుల ఎక్స్‌రే యంత్రాలతోనే గింజలను, మొలకలను చిత్రించి పెద్ద పెద్ద కూర్పులు చేశారు. దగ్గరకెళ్ళి చూస్తే వందల గింజల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు.

మొలవని విత్తనాల కళ

గింజను మొలిపించి చూపే కళకు పూర్తి విరుద్ధమైనవీ ఉన్నాయి. 2010లో అదే టేట్ మోడర్న్ హాలులో చైనా కళాకారుడు ఐ వెయ్‌వెయ్ 10 కోట్ల పొద్దుతిరుగుడు గింజలు పరిచారు. అన్నీ చేత్తో రంగువేసిన పింగాణీవి. అదే ఏడు షాంఘై ఎక్స్‌పోలో థామస్ హెదర్‌విక్ 60 వేల పారదర్శకపు కడ్డీల కొసల్లో నిజమైన విత్తనాలు పొదిగి బ్రిటన్ మంటపం కట్టారు. చూడ్డానికి అద్భుతం. కానీ ప్లాస్టిక్‌లో బిగిసిన గింజకు నీళ్ళు అందవు. నా ఓటు మాత్రం మురికి మట్టి తొట్లకే, ఎందుకంటే అక్కడ ఏం జరుగుతుందో కళాకారుడికి కూడా ముందు తెలియదు.

మన దగ్గర మొలకల్ని నలుగురి ఎదుట పెంచడం కొత్తేమీ కాదు. తిరుమల బ్రహ్మోత్సవాల ముందురోజు సాయంత్రం విష్వక్సేనుల వారిని ఊరేగించి, పుట్టమన్ను తెచ్చి, పాలికల్లో నవధాన్యాలు చల్లి అంకురార్పణ చేస్తారు. పెళ్ళిళ్ళలోనూ పాలికలు పెడతారు. మొలకలు ఏపుగా వస్తే శుభమని నమ్మకం. లంబాడీ తండాల్లో తీజ్ పండక్కి పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తారు. తండా అంతా వచ్చి ఆ మొలకల్ని చూస్తుంది.

పటాన్‌చెరు నుంచి స్వాల్‌బార్డ్‌కు

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో కొండను తొలిచి కట్టిన ప్రపంచ విత్తన నిధి 2008లో మొదలైంది. మైనస్ 18 డిగ్రీల చలిలో విత్తనాలు దాస్తారు. అక్కడ 2020లో వందేళ్ళ పరీక్ష ప్రారంభించారు. పదేళ్ళకోసారి కొన్ని పొట్లాలు బయటికి తీసి మొలకశాతం చూస్తారు. అందులో పాల్గొంటున్న సంస్థల్లో మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా ఉంది. దాని జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల రకాలు లక్షకు పైగా ఉన్నాయి.

సామర్లకోటలో ఒక తోట ఉండేది

భారత వృక్షశాస్త్ర పితామహుడని పేరుపడ్డ విలియం రాక్స్‌బరో 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్ళకముందు పన్నెండేళ్ళు సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ ఈస్టిండియా కంపెనీ తోటలో మిరియాల తీగలు మొదలుకొని అనేక మొక్కలు పెంచి చూశాడు. 1787 తుపానులో ఆయన పుస్తకాలు, కాగితాలు కొట్టుకుపోయాయి. మళ్ళీ మొదలుపెట్టి కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాల బొమ్మల గ్రంథం సిద్ధం చేశాడు. ఆయన రాతల్లో మొక్కల తెలుగు పేర్లు విరివిగా కనిపిస్తాయి. ఆయన సేకరించిన ఎండు నమూనాలు లండన్ సహజచరిత్ర మ్యూజియంలో నేటికీ ఉన్నాయి.

అలాంటి తోట ఉన్న ఊరి మట్టిని తొట్లలో పోసి నీళ్ళు పెడితే ఏం మొలుస్తుంది? రాక్స్‌బరో నాటి గింజ దొరుకుతుందని నేను హామీ ఇవ్వను. కానీ కోరంగి, మచిలీపట్నం లాంటి పాత రేవుల మట్టితో కలిపి ఈ పరీక్ష చేయదగినదే. మన లలితకళల కళాశాలల విద్యార్థులు, వ్యవసాయ కళాశాలల విద్యార్థులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే చాలు, పెద్ద ఖర్చేమీ కాదు.

మీ ఇంట్లో పరీక్ష

విత్తనాన్ని శాస్త్రీయంగా పరీక్షించే మొదటి కేంద్రాన్ని 1869లో జర్మనీలో ఫ్రీడ్రిక్ నోబె నెలకొల్పాడు. ఇప్పుడు మన దేశంలో ధ్రువీకరణ పొందాలంటే వరి విత్తనం 100కు 80, కంది 75, వేరుశనగ 70 మొలవాలి. ఇది ఇంట్లోనూ చూసుకోవచ్చు. బస్తాలో పైన, మధ్యన, అడుగున ఉన్న గింజలు కలిపి 100 తీయండి. తడిపి పిండిన గోనెపట్టా మీద వరుసల్లో పేర్చి, చాపలా చుట్టి, నీడలో ఉంచండి. ఆరిపోకుండా తడి చిలకరించండి. వారం రోజులకు విప్పి, వేరూ మొలకా రెండూ బాగా వచ్చినవాటినే లెక్కపెట్టండి. కూరగాయల పాత పొట్లమైతే 20 గింజలు, ఒక తడిగుడ్డ చాలు. సగానికి పైగా మొలిస్తే కాస్త ఎక్కువ విత్తుకోవచ్చు. అంతకన్నా తక్కువైతే మామూలు రకాలను పక్కన పెట్టేయండి. మీ అమ్మమ్మో తాతయ్యో దాచిన, బజారులో దొరకని బీరో, పొట్లో, దేశవాళీ చిక్కుడో అయితే మాత్రం రెండు మొలిచినా పారేయకండి. ఆ రెంటినీ మట్టిలో పెట్టి, కాసిన కాయల్ని గింజకు వదిలి, పొట్లం మీద పేరు, ఊరు, తేదీ తప్పకుండా రాయండి.